అరచేతి రంగు

మధ్యాహ్నం రెండు గంటలకు నా చేతిలో ఉన్నవి మూడే: ఇక దేనికీ పనికిరాని ఒక తాళంచెవి, రెండు గంటల సమయం, వెర్లీన్ స్టోక్స్ ఇచ్చిన మాట. కొట్టు నడిపేవాణ్ణి కాబట్టి ఏ పని మొదలుపెట్టినా ముందు ఉన్న సరుకు చూసుకుంటాను. ఇంత తక్కువ సరుకుతో నేనెప్పుడూ తలుపు తీయలేదు.

క్రెన్‌షాలో పాతికేళ్లుగా చర్చి బట్టల కొట్టు నాది. గాయకబృందాల గౌన్లు, బాప్తిస్మం అంగీలు, విసనకర్రలు, తెల్ల గ్లౌజులు అమ్ముతాను. డిటెక్టివ్ లైసెన్సు కొట్టు వెనక గదిలో గోడకి వేలాడుతుంది. చర్చి జనానికి కష్టమొస్తే పోలీసుల దగ్గరికి పోయేముందు ఆ వెనక గదికి వస్తారు. ఎజ్రా మేబ్రీ అంటే దక్షిణ లాస్ ఏంజెలెస్‌లో గౌన్లు గుర్తొచ్చేవాళ్లు సగం, దొంగలు గుర్తొచ్చేవాళ్లు సగం.

ఆ ఆదివారం లాంతరు అవార్డులు. సినిమాల్లో, టీవీలో మా నల్లవాళ్లు చేసిన పనికి మేమే దండ వేసుకునే రోజు. ఇరవై నాలుగేళ్ల కిందట మౌంట్ గిలియడ్ చర్చి కింది గదిలో కరెంటు పోతే, లాంతరు వెలుగులో మొదటి అవార్డు ఇచ్చారు. ఇప్పుడు మూడువేల సీట్ల థియేటర్, నాలుగు గంటలకు ప్రత్యక్ష ప్రసారం. చర్చి నాటి ఆచారం ఒక్కటే మిగిలింది. వచ్చినవాళ్లకు సీట్లు చూపించేది ఇప్పటికీ మౌంట్ గిలియడ్ అషర్లే. తెల్ల గ్లౌజులు, నడుము వెనక మడిచిపెట్టిన ఎడమచెయ్యి. డ్యూటీలో నోరు విప్పరు. అన్నీ కుడిచేతి సైగలే.

ఆ అషర్లకు పెద్ద వెర్లీన్. ఆమె భర్త డెల్‌రాయ్ సినిమాల్లో డూప్. 1973లో ఒక సినిమా కోసం మూడంతస్తుల మేడ మీది నుంచి దూకే షాటు చేస్తూ చచ్చిపోయాడు. తాగి అంచు మీదికి వెళ్లాడు, కాలు తడబడింది, ఒకటే టేకు, అందులోనే పోయాడు అని స్టూడియో కాగితం రాసిచ్చింది. డెల్‌రాయ్ జన్మలో చుక్క ముట్టనివాడు. కానీ అప్పటినుంచి ఊళ్లో ఏ డూప్ తడబడినా “స్టోక్స్‌లా తాగొచ్చావా” అనడం వాడుకైపోయింది. వెర్లీన్ కొడుకు ఆ మాట బడిలో విన్నాడు, ఉద్యోగంలో విన్నాడు.

పోయినేడు స్టూడియో పాత గోదాము ఖాళీ చేస్తుంటే ఆ టేకు ఉన్న రీలు డబ్బా వెర్లీన్ చేతికొచ్చింది. సీలు వేసి, “స్టోక్స్ – చివరి టేకు” అని చీటీ అంటించి ఉంది. ఆమె దాన్ని చూడలేదు. మొగుడు చావడం చూడటానికి ఏ ఆడదీ డబ్బా విప్పదు. అవార్డుల కమిటీ మాత్రం ఒక నిర్ణయం చేసింది. డెల్‌రాయ్ మేడ అంచున నడిచే మొదటి మూడు క్షణాలు తెరమీద వేసి అక్కడే ఆపేస్తారు. తాగినవాడు అలా నడుస్తాడా అని దేశాన్నే అడుగుతారు. తర్వాత లాంతరు వెర్లీన్ చేతిలో పెడతారు. సీలు విప్పి ఆ మూడు క్షణాలకు నకలు తీసి సిద్ధం చేయమని శుక్రవారం నాడు కమిటీ ఎడిటర్‌కి ఇచ్చారు. పని అయ్యాక ఆదివారం పొద్దున డబ్బా మళ్లీ వెర్లీన్ చేతికొచ్చింది.

ఒంటిగంటా ఇరవైకి ఆ డబ్బా మాయమైంది.

“పన్నెండున్నరకు అల్మరాలో పెట్టి నేనే తాళం వేశాను బ్రదర్ మేబ్రీ,” అంది వెర్లీన్, తాళంచెవి నా చేతిలో పెడుతూ. “చెవి నా మెడలోనే ఉంది. మదర్ ఐడెల్లాను గుమ్మం దగ్గర నిలబెట్టాను. ఒంటిగంటా ఇరవైకి వచ్చేసరికి మదర్ లేదు, డబ్బా లేదు. డెల్‌రాయ్‌ని రెండోసారి పాతిపెట్టనివ్వకండి.”

ఆమె ఏడవలేదు. గ్లౌజులు తీసి మడిచి, మళ్లీ తొడుక్కుంది. అంతే.

రెండుంపావుకు రోలండ్ ఫాంటెనో నన్ను మెట్ల దగ్గర ఆపాడు. థియేటర్ కాపలా కాంట్రాక్టు అతనిది. ఆరడుగుల మనిషి, లూసియానా నుంచి వచ్చిన క్యాథలిక్కుల బిడ్డ, నడుముకి పిస్తోలు, చెవిలో తీగ. ప్రసారం చేస్తున్న ఛానెల్ యజమాని గోర్డన్ ప్రెస్‌కాట్‌కి కుడిభుజం. ఈ ప్రెస్‌కాటే 1973లో ఆ సినిమా తీసిన నిర్మాత అని నాకు వెర్లీన్ చెప్పింది. డెల్‌రాయ్‌కి అవార్డు అనగానే అభ్యంతరం పెట్టకపోవడమే కాదు, మొదటి వరుసలో కూర్చుని చప్పట్లు కొడతానని కూడా అన్నాడట. పెద్దమనసు అనుకున్నారంతా.

“గౌన్ల కొట్టు కట్టేసి వచ్చావా? ఇక్కడ కొలతలు తీసుకునే పనేం లేదు,” అన్నాడు ఫాంటెనో.

దొంగ ఎవరో తెలిసిందా అని అడిగాను. తెలిసిందన్నాడు. అతని లెక్క సులువు. తాళంచెవి ఒకరి దగ్గరే ఉంది. తలుపు ఊడదీసింది మనల్ని నమ్మించడానికి. కాపలా ముసలామెకు కళ్లు సరిగ్గా కనిపించవు. కాబట్టి డబ్బా దాచింది వెర్లీనే. మొగుడు తూలుతూ నడవడం అందులో ఉందని ఆలస్యంగా తెలుసుకుని, దొంగతనం నాటకం ఆడుతోంది. ప్రసారం మొదలయ్యేలోగా డబ్బా దొరక్కపోతే కమిటీ డెల్‌రాయ్ పేరు జాబితాలోంచి కొట్టేస్తుంది. ప్రెస్‌కాట్ గారికి కూడా చెప్పేశాడు.

“ఆమె ముందే చూసి ఉంటే కమిటీకి ఎందుకిస్తుంది?”

“ఆడవాళ్ల బుద్ధి నన్నడుగుతావేం? ఆడవాళ్లకు గౌన్లు అమ్మేవాడివి, నీకే తెలియాలి.”

డెల్‌రాయ్‌ని ఎప్పుడైనా చూశావా అని మాటల్లో మాటగా అడిగాను. అతను నవ్వాడు. “డెబ్బై మూడులో నేను ఓక్లాండ్‌లో చెప్పుల కొట్లో గుమాస్తాని. ఎనభై దాకా సినిమా సెట్టు గేటు కూడా చూడలేదు.”

చెప్పులు అమ్మినవాడు ఎన్నేళ్లయినా ఎదుటివాడి పాదాలు చూడకుండా ఉండలేడు. నేను వేసుకున్నది ఎడమ మడమ అరిగి వంకరపోయిన జోడు. అతను ఒక్కసారి కిందికి చూడలేదు. చిన్న అబద్ధం. దాన్ని జేబులో వేసుకుని మెట్లు దిగాను.

మదర్ ఐడెల్లాకు డెబ్బై మూడేళ్లు; చర్చిలో వయసు మళ్లిన పెద్దమ్మలను మదర్ అంటాం. తెల్ల యూనిఫారంలో బల్లమీద కూర్చుని, తన వల్లే ఇదంతా అని పదేపదే అంటోంది. కళ్లద్దాలు సంచిలో ఉన్నాయి. టీవీలో పడతానని తీసేసిందట. ఆమె చెప్పినదాన్ని బట్టి ఒంటిగంటా ఐదుకు ఒక పొడుగాటి మగ అషరు వచ్చాడు. నల్ల సూటు, తెల్ల గ్లౌజులు. వెనక బల్బు ఉండటంతో ముఖం ఆనలేదు. కుడిపక్కన వచ్చి నిలబడి, కుడిచెయ్యి గుండెకి అడ్డంగా పెట్టి రెండు వేళ్లు చాపాడు. నువ్వెళ్లి కూర్చో, నేనున్నాను అని దానికి అర్థం. ఆమె వెళ్లిపోయింది.

“ఎడమచెయ్యి?”

“నడుము వెనకే ఉంది నాయనా. పిడికిలి మూసి, వేళ్లు బయటికి. పద్ధతి తప్పలేదు. తప్పితే నేను కదిలేదాన్నా? అరవై ఏళ్లుగా నిలబడుతున్నాను. ప్రార్థనలో పరిశుద్ధాత్మ పూని ఎవరైనా పడిపోతే పిడికిలి భుజానికి ఆనించి సైగ చేస్తాం చూడు, అందరూ రండి అని... గుడ్డిదాన్నైనా అది కూడా గుర్తుపడతాను.”

అది విన్నాక ఫాంటెనో మనుషుల్ని పక్కన పెట్టేశాను. ఆ సైగలు క్యాథలిక్కులకు రావు, జీతానికొచ్చిన కాపలావాళ్లకు రావు. చిన్నప్పుడు బాప్టిస్టు చర్చిలో ముందు వరుస పెద్దమ్మల చేత మొట్టికాయలు తిన్నవాడికే వస్తాయి. దొంగ మావాడే. ఆ మాట లోపలికి దిగడానికి కొంత సమయం పట్టింది.

అప్పటికి రెండూ నలభై. అల్మరా గదిలోకి వెళ్లాను. కిటికీ లేదు. గోడవారగా పదహారు ఇత్తడి లాంతర్లు వరుసగా ఉన్నాయి. పదహారూ ఉన్నాయి. దొంగకు వాటితో పనిలేదు. అల్మరా తాళం వేసినట్టే ఉంది కానీ తలుపు రెండో పక్క నుంచి ఊడి వాలి ఉంది. బందుల్లోని ఇనప చువ్వల్ని కిందినుంచి తట్టి లాగేశాడు. చువ్వలకు గట్టిపడిన పాత గ్రీజు. గ్లౌజుతో పట్టుకుంటే జారుతుంది. అంటే కుడి గ్లౌజు తీసి ఉండాలి.

ఫాంటెనో మనుషులు గదంతా వెతికారట. అల్మరా మాత్రం జరపలేదు. నేను భుజం పెట్టి నెట్టాను. గోడకీ దానికీ మధ్య ఇరుకులో తెల్ల గ్లౌజు ఒకటి పడి ఉంది.

అషర్లకు నేను అమ్మేవి నైలానువి. వెనకవైపు మూడు ఉబ్బు కుట్లుంటాయి, మణికట్టు దగ్గర నొక్కుడు గుండీ ఉంటుంది. ఇది పల్చటి నూలుది. కుట్లు లేవు, గుండీ లేదు. బొటనవేలి కొసనా చూపుడువేలి కొసనా పసుపురంగు మైనం అంటుకుని ఉంది. మడత తిప్పి చూస్తే లోపల నీలి సిరాతో నా కొట్టు ముద్ర.

ఆ గ్లౌజు నా చేతిలో బరువెక్కింది. ఈ రకం నేను ఒకే ఒక్క మనిషి కోసం తెప్పిస్తాను. ఆరునెలలకొక డజను. ఫిలిం మీద వేలిముద్ర పడకూడదని తొడుక్కుంటాడు, కత్తిరించాల్సిన చోట పసుపు మైనం పెన్సిలుతో గీత గీస్తాడు. లెమ్యుయెల్ బాటిస్ట్. ఈ ఊరి కటింగ్ గదుల్లో అడుగుపెట్టిన మొదటి నల్ల ఎడిటర్లలో ఒకడు. నా కొడుకు పెళ్లిలో నా పక్కన నిలబడ్డవాడు. చిన్నప్పుడు టెక్సస్ చర్చిలో అషరుగా నిలబడి కాళ్లు వాచిన కథ నా కొట్లో ఎన్నిసార్లు చెప్పి నవ్వించాడో. ఈ రోజు జీవితకాల అవార్డు అతనికే. శుక్రవారం ఆ డబ్బా సీలు విప్పింది కూడా అతనే.

చేతిలోనే రెండు రోజులున్న డబ్బాను తిరిగిచ్చి, మళ్లీ దొంగతనంగా ఎందుకు తీసుకున్నాడు? మెట్లెక్కుతుంటే ఈ ఒక్క ప్రశ్నకు సమాధానం దొరకలేదు.

మూడు గంటలకు వెర్లీన్‌ని వెంటబెట్టుకుని ప్రొజెక్టర్ గదికి వెళ్లాను. ఆమెను తీసుకెళ్లకూడదని ఒక మనసు అంది. కానీ సరుకు ఆమెది.

లెమ్యుయెల్ మూవియోలా ముందు, ఫిలిం నడిపి చిన్న అద్దంలో చూసుకునే యంత్రం ముందు, కూర్చుని ఉన్నాడు. కుడిచేతికి గ్లౌజు లేదు. నేను జేబులోది తీసి బల్లమీద పెట్టాను. అతను దాన్ని తొడుక్కోబోయి ఆగిపోయాడు. అరవై నాలుగేళ్ల మనిషి ఒక్కసారిగా ఎనభై ఏళ్లవాడిలా అయిపోయాడు.

“చీటీ కోసం,” అన్నాడు. “ఈ పొద్దున డబ్బా తిరిగిచ్చేశాక కమిటీ వాళ్లు చెప్పారు, డబ్బాను కూడా స్టేజి మీద చూపిస్తారట. కెమెరా దగ్గరగా పెట్టి. ఆ చీటీ మీది రాత నాది.”

మిగతాది అతను గోడ వైపు చూస్తూ చెప్పాడు. డెబ్బై మూడులో ఆ స్టూడియోలో అసిస్టెంటుగా చేరి మూడు నెలలైంది. ఎడిటింగ్ వైపు నల్లవాడు అతనొక్కడే. ఒక సాయంత్రం ఒక రీలు తెచ్చిచ్చి, డబ్బాలో పెట్టి స్టోక్స్ చివరి టేకు అని రాసి సీలు వెయ్యమన్నారు. సీలు వేసేముందు అతను దాన్ని ఒకసారి నడిపి చూశాడు. చూసి కూడా రాశాడు. శుక్రవారం అందులోంచి మూడు క్షణాలకు నకలు తీసి ఇచ్చేశాడు. అంత దూరం నుంచి ఎవరికీ తేడా తెలియదు. చీటీ ఒక్కటే తనని పట్టిస్తుంది.

“ఏం చూశావ్ లెమ్?” అని అడిగాను.

అతను ఫిలిం ఎక్కించి, మీట నొక్కి, కుర్చీలోంచి లేచాడు.

వెర్లీన్ తల తిప్పుకుంటుందనుకున్నాను. ఆమె నా భుజం మీద చెయ్యి వేసి అద్దంలోకి వంగింది.

మేడ అంచు. డెల్‌రాయ్ కోటు, డెల్‌రాయ్ టోపీ వేసుకున్న నల్లటి మనిషి నడుస్తున్నాడు. నిటారుగా, తడబాటు లేకుండా నడుస్తున్నాడు. తర్వాత చేతులు చాచి దూకాడు. అందరూ దూకినవాడి ముఖం చూస్తారు. గ్లౌజులు అమ్మి బతికేవాణ్ణి, నేను ముందు చేతులే చూస్తాను.

“ఆపు,” అన్నాను. “వెనక్కి. అక్కడ.”

గాల్లో చాపిన కుడిచెయ్యి అరచెయ్యి సరిగ్గా మావైపు తిరిగి ఉంది. చేతి వెనకభాగం ఎంత నలుపో అరచెయ్యి అంతే నలుపు. గీతలు లేవు, ఎరుపు లేదు, బూటు పాలిష్ కొట్టినట్టు ఒకటే రంగు. నా చెయ్యి నేను తిప్పి చూసుకున్నాను. లెమ్యుయెల్ చూడలేదు, అతనికి ఇరవై రెండేళ్లుగా తెలుసు. మా పిల్లలకి కూడా తెలుసు మా అరచేతులు నల్లగా ఉండవని. మమ్మల్ని ఎప్పుడూ చెయ్యి పట్టుకుని పలకరించనివాడే రంగు అక్కడిదాకా పూస్తాడు.

ఆ రోజుల్లో అది మామూలే. నల్ల హీరో పక్కన నల్ల డూప్‌ని పెట్టే బదులు తెల్లవాడికి రంగు పూసి దూకించేవాళ్లు. డెల్‌రాయ్ పోట్లాడింది దానిమీదే. ఈ షాటు తనకే దక్కిందని ఆ రోజు పొద్దున ఇంట్లోంచి ఈలవేసుకుంటూ వెళ్లాడని వెర్లీన్ ఎప్పుడో చెప్పింది.

ఆమె అద్దం మీద వేలు పెట్టింది. “ఇది నా మొగుడు కాదు,” అంది చాలా మెల్లగా. “లెమ్యుయెల్, ఇది నా మొగుడు కాదు.”

అతను మళ్లీ మీట నొక్కాడు. దూకినవాడు కింద పరుపుల మీద పడ్డాడు. పడి, లేచి, నవ్వాడు. స్టూడియో కాగితం ప్రకారం ఆ రోజు తీసింది ఒకటే టేకు. ఆ ఒక్క టేకులో ఎవరూ చావలేదు. అయినా ఆ సాయంత్రం డెల్‌రాయ్ శవం ఇంటికొచ్చింది.

వెర్లీన్ కూర్చోవడానికి చుట్టూ చూసింది. నేను కుర్చీ లాగాను. ఇరవై రెండేళ్లు ఆమె ఒక చావును కళ్లముందు ఊహించుకుంటూ బతికింది. ఆ చావే జరగలేదు. జరిగిందేదో ఎవరూ చెప్పలేదు.

ఫిలిం ఇంకా నలభై అడుగులుంది. లేచినవాడి దగ్గరికి యూనిఫారం వేసుకున్న సెట్టు కాపలావాడొకడు వచ్చి తువ్వాలు అందించాడు. తెల్లవాడు మొహం తుడుచుకుంటే తువ్వాలు గోధుమరంగైంది. కాపలావాడు కెమెరా వైపు తిరిగాడు. పాతికేళ్లుండవు. ఆరడుగులు. చెంప మీద గోళ్లతో రక్కిన గీతలు, ఇంకా ఆరనివి. నేను ఆ ముఖంతో గంట కిందటే మాట్లాడాను.

“ఓక్లాండ్ చెప్పుల కొట్టు,” అన్నాను.

“చెప్పులేంటి?” అన్నాడు లెమ్యుయెల్.

జవాబు గుమ్మం దగ్గర నిలబడి ఉంది. ఫాంటెనో ఎంతసేపటి నుంచి వింటున్నాడో తెలియదు. లోపలికొచ్చి తలుపు వీపుతో నెట్టి చేరేశాడు. చెయ్యి పిస్తోలు మీద ఉంది, తీయలేదు. టైము మూడూ నలభై. కింద హాల్లోకి జనాన్ని వదిలేశారు, అషర్లు నడవల్లో నిలబడ్డారు. ఇక్కడ శబ్దమైతే తనకే నష్టమని అతనికి తెలుసు.

“డబ్బా ఇవ్వు మేబ్రీ. దొంగతనం సరుకు దొరికిందని రాసుకుంటాను. లెమ్యుయెల్ గారి పేరు బయటికి రాదు. ఆయన అవార్డు ఆయన తీసుకుంటాడు. అందరికీ లాభమే.”

వెర్లీన్ కుర్చీలోంచి లేచింది. కాస్త గాలి కావాలన్నట్టు ప్రొజెక్టర్ అద్దం దగ్గరికి వెళ్లి నిలబడింది. ఆ అద్దంలోంచి హాలంతా కనిపిస్తుంది. హాల్లోంచి చూస్తే వెలుగున్న ఆ చిన్న చతురస్రం ఒక్కటే కనిపిస్తుంది. ఆమె ఎడమచెయ్యి నడుము వెనక్కి వెళ్లింది. కుడిచెయ్యి పిడికిలి మూసి భుజానికి ఆనించింది.

“ఏంటది?” అన్నాడు ఫాంటెనో.

“భుజం నొప్పి,” అంది ఆమె. “ముసలిదాన్ని కదా.”

అతను పట్టించుకోలేదు. దూరంగా స్టేజి కింద ఒక తెల్ల యూనిఫారం కదిలింది. మదర్ ఐడెల్లా. ఈసారి కళ్లద్దాలు పెట్టుకుని ఉంది.

ఇప్పుడు నాకు కావాల్సింది రెండు నిమిషాలు. బేరం సాగదీయడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య. మూవియోలా మీది ఫిలిం లెమ్యుయెల్ చేత నెమ్మదిగా చుట్టించి డబ్బాలో పెట్టి, దాన్ని రెండు చేతులతో ఛాతీకి ఆనించుకున్నాను.

“ఇస్తాను,” అన్నాను. “ఊరికే కాదు. ఈమెకు ఒక్క మాట నిజం చెప్పు, పట్టుకుపో. డబ్బా లేకపోతే ఇక్కడున్న ముగ్గురి మాటా ఎవడూ నమ్మడు. నీకు పోయేదేముంది?”

అతను ఆలోచించాడు. మా ముగ్గురినీ తూకం వేశాడు. దొంగగా దొరికిన ఎడిటర్, గౌన్ల వ్యాపారి, మొగుణ్ణి పోగొట్టుకున్న ఆడది. తేలిగ్గానే తూగి ఉంటాం. “అడుగు,” అన్నాడు.

ఎవరు తోశారని ఆమె అడుగుతుందనుకున్నాను. ఆమె అడగలేదు.

“తాగున్నాడా?” అంది.

ఫాంటెనో ఆమె వైపు తిరిగాడు. అతని ముఖంలో ఏదో అలసట కనిపించింది.

“లేదమ్మా. ఒక్క చుక్క కూడా లేదు. తెల్లవాడికి రంగు పూస్తున్నారని తెలిసి పైకెక్కి కూర్చున్నాడు. నేను దూకేదాకా కెమెరా తిరగదన్నాడు. దింపుకురా అని నన్ను పంపారు. నాకంటే స్థిరంగా నిలబడ్డాడు. నేనే... నా చెయ్యే ఆగలేదు. తర్వాత శవాన్ని పక్కకి జరిపి, పరుపులు సర్ది, టేకు తీశారు.”

“పంపింది ఎవరు?” అన్నాను.

“ఒక్క మాట అన్నావు మేబ్రీ. బేరం అయిపోయింది.” డబ్బా నా చేతుల్లోంచి లాక్కున్నాడు. తలుపు తీశాడు.

మెట్ల మీద పైనుంచి కిందిదాకా పదకొండు మంది అషర్లు నిలబడి ఉన్నారు, గొళ్లెం పడని తలుపు వెనక నుంచి అతని మాటంతా విన్నారు. పదకొండు ఎడమచేతులు నడుముల వెనక. ఎవరూ నోరు విప్పలేదు, డ్యూటీలో ఉన్నారు. మదర్ ఐడెల్లా ముందుకొచ్చి కుడిచెయ్యి చాపింది, అరచెయ్యి పైకి. ఫాంటెనో చెయ్యి ఒకసారి పిస్తోలు వైపు వెళ్లింది. పదకొండు జతల కళ్లు ఆ చేతినే చూశాయి. కింద మూడువేల మంది గుసగుసలు వినిపిస్తున్నాయి. అతను డబ్బా ఆమె చేతిలో పెట్టాడు.

“నన్ను పట్టుకుని ఏం లాభం?” అన్నాడు నాతో, గొంతు తగ్గించి. “నన్ను పైకి పంపినవాడు కింద కూర్చున్నాడు. మొదటి వరుస, నడవ పక్క సీటు. ఆయనకి నేనిప్పుడు కబురు చెప్పకపోతే, చెప్పడానికి ఇంకా ఆరుగురున్నారు. అందరి నడుముకీ ఇవే ఉన్నాయి.”

ఆ సీటు గోర్డన్ ప్రెస్‌కాట్‌ది.

వెర్లీన్ కుడి గ్లౌజు వేళ్లు ఒక్కొక్కటే సర్దుకుంది. ఎడమచెయ్యి నడుము వెనక పెట్టుకుని మెట్లు దిగడం మొదలుపెట్టింది. ఎక్కడికని ఎవరూ అడగలేదు. మొదటి వరుసలో ఎవరి సీటు ఎక్కడో ఆమెకంటే బాగా తెలిసినవాళ్లు ఆ హాల్లో లేరు. లెమ్యుయెల్ మదర్ ఐడెల్లా దగ్గర డబ్బా తీసుకుని ఫిలిం పెద్ద ప్రొజెక్టర్‌కి ఎక్కించాడు. మూడు క్షణాలు కాదు, మొత్తం. అవార్డు తీసుకున్నాక చదవడానికి రాసుకున్న ప్రసంగం కాగితం చించి చెత్తబుట్టలో వేశాడు. ఈసారి గ్లౌజు తొడుక్కోలేదు.

నాలుగు గంటలైంది. హాల్లో దీపాలు తగ్గాయి. నేను నా లెక్క చూసుకున్నాను. పోయింది పాతికేళ్ల స్నేహం ఒకటి. ఖర్చైంది రెండు గంటలు. చేతికొచ్చింది ఒక అరచెయ్యి, రక్కిన గీతలున్న ఒక ముఖం, పదకొండు మంది విన్న ఒక మాట. లేదమ్మా, ఒక్క చుక్క కూడా లేదు. ఇరవై రెండేళ్లుగా వెర్లీన్ స్టోక్స్ అడుగుతున్నది అదొక్కటే. అది పూర్తిగా వసూలైంది. మిగిలిన బాకీ మొదటి వరుసలో కూర్చుని, తెర వెలిగితే చప్పట్లు కొట్టడానికి చేతులు సిద్ధం చేసుకుంటోంది.